పడమటి గేటు

పరేడ్ గ్రౌండులో ఎవరి మోచెయ్యి వంకరగా కనిపించినా హెడ్ కానిస్టేబుల్ రాఘవేంద్ర బెత్తం కొసతోనే సరిచేసేవాడు. చందు దగ్గరకొచ్చేసరికి మాత్రం బెత్తం చంకలో పెట్టుకుని, రెండు వేళ్ళతో ఆ మోచేతిని పక్కటెముకల వైపు నొక్కేవాడు. రైఫిల్ అడుగు అరచేతిలో సరిగ్గా కూర్చుందో లేదో వంగి చూసేవాడు. ఒక్కోసారి అది ముందే సరిగ్గా ఉండేది. అయినా నొక్కేవాడు.

నూజివీడు దాటి విస్సన్నపేట రోడ్డు మీదికి వెళ్ళాక వచ్చే ఆ పోలీసు బెటాలియన్ క్యాంపు ఒకప్పుడు అంతా మామిడి తోట. చెట్లు కొట్టి గ్రౌండూ, బారకులూ, క్వార్టర్లూ కట్టారు గానీ పడమటి వైపు తోట జోలికి పోలేదు. ఏటా వేసవిలో ఆ కాపు ఎవరో ఒక వ్యాపారికి ఇచ్చేస్తారు. కంచె బయట అతను తాటాకు షెడ్డు వేసుకుంటాడు. కాయలు కోసే చిక్కాలు భుజాన వేసుకున్న కూలీలు పొద్దున్నే పడమటి గేటులోంచి లోపలికొచ్చి, కోసిన కాయల్ని గంపలకెత్తుకుని మళ్ళీ అదే గేటులోంచి షెడ్డుకి పోతుంటారు. అందుకే ఆ గేటు దగ్గర కాపు అయ్యేదాకా రైఫిలుతో ఒక సెంట్రీ ఉంటాడు. మూడు వంతులు చందుకే పడేది ఆ డ్యూటీ.

చందుది చింతలపూడి. ఉద్యోగంలో చేరి రెండేళ్ళు కాలేదు. నడకలో తొందర లేదు, మాటలో బెరుకు లేదు. వానలు మొదలయ్యాక జరిగే డ్రిల్ పోటీల కోసం రాఘవేంద్ర తయారు చేస్తున్న జట్టులో ముందు వరస కుడి కొసన నిలబడేవాడు అతనే. ఆ చోటు వాడికెందుకిచ్చావని తోటి హెడ్లు అడిగితే, ఎత్తు సరిపోయిందని చెప్పేవాడు రాఘవేంద్ర. అది నిజమే కూడా.

ఆ మధ్యాహ్నం గ్రౌండు నుంచి క్వార్టరుకి వచ్చేసరికి మెట్ల దగ్గరే భార్య వినీల నవ్వు వినిపించింది. పిల్లల్లేని ఆ ఇంట్లో కుట్టుమిషను చప్పుడు తప్ప మరో చప్పుడు ఉండేది కాదు. బెటాలియన్లో సగం మంది యూనిఫాములు ఆమె చేతిలో పడ్డాకే ఒంటికి సరిపోతాయి. రాఘవేంద్ర బూట్లు విప్పకుండానే గుమ్మంలో ఆగాడు. చందు గది మధ్యలో వీపు ఇటుపెట్టి నిలబడి ఉన్నాడు. వినీల వెనక నుంచి టేపు అతని భుజాల మీదుగా పరిచి కొలత చూస్తోంది. ఊపిరి బిగబట్టకు, బిగబడితే తర్వాత గుండీలు ఊడొస్తాయని మందలిస్తోంది. అతను ఇంకా బిగబట్టి, బుగ్గలు పూరించి నవ్వించాడు.

రాఘవేంద్రకి ఆ నవ్వు నచ్చలేదు. తన భార్య చేతులు పరాయి మగాడి భుజాల మీద ఉన్నాయని తనకు తాను చెప్పుకున్నాడు. అలా చెప్పుకోగానే ఆ నచ్చకపోవడానికి ఒక పేరు దొరికినట్టయి, కాస్త తెరిపిన పడ్డాడు కూడా. పెళ్ళాం విషయంలో కుళ్ళు మంచిది కాకపోవచ్చు గానీ, మగాడన్నవాడికి అది రావడంలో వింతేముంది? కానీ అతని చూపు వినీల చేతుల మీద నిలవలేదు. టేపు కింద, చెమటకి వీపుకి అతుక్కున్న చందు చొక్కా మీద ఆగింది. అక్కణ్ణించి తడబడి గోడ మీది క్యాలెండరుకి పోయింది. అలా పోతూ పోతూ వినీల కళ్ళకి తగిలింది. ఆమె టేపు పట్టుకుని అతన్నే చూస్తోంది.

చందు వెనక్కి తిరిగి చూసి నవ్వు ఆపేసి, అలవాటుగా కాళ్ళు దగ్గరికి చేర్చి నిలబడ్డాడు. తను రాగానే ఆ నవ్వు ఆగిపోవడమే రాఘవేంద్రకి అన్నిటికంటే ఎక్కువ గుచ్చుకుంది.

ఆ మర్నాటి నుంచీ అతను వేళ కాని వేళల్లో ఇంటికి రావడం మొదలుపెట్టాడు. తను చూసుకునే ఆయుధాల గదికి తాళం వేసి, గన్ ఆయిలు మరకలు చేతులకి ఉండగానే, పెరటి దారిన వచ్చేవాడు. ఒకసారి వినీల ఒక్కతే కాజాలు కుడుతూ కనిపించింది. మరోసారి పక్క క్వార్టరు భారతి ఉంది. ఎవరూ లేకపోతే ఊరట కలగాలి. కలక్కపోగా, చందు మరి ఎక్కడున్నట్టు అన్న ఆలోచన పట్టుకునేది. గేటు దగ్గరా? బారకులోనా? ఎవరితో? బారకు ముందు నుంచి పనేమీ లేకుండానే నడిచి, తీగ మీద ఆరేసిన బనియన్ల మధ్య నుంచి లోపలికి చూసి, ఎవరైనా సెల్యూట్ చేస్తే ఏదో ఒక తప్పు పట్టి కసిరి వచ్చేవాడు.

శనివారం నాడు పెరట్లో అడుగుపెట్టేసరికి అనుకున్నంతా కళ్ళబడింది. వంటింటి వెనక అరుగు మీద చందు, వినీల ఎదురెదురుగా కూర్చుని ఉన్నారు. ఇద్దరి మధ్యా తడిగుడ్డతో తుడిచిన మామిడికాయల గుట్ట. చందు ఆవకాయ కత్తితో కాయని టెంకతో సహా రెండు చెక్కలు చేసి ఇస్తుంటే, వినీల జీడి తీసి, లోపలి పొర గీకి, ముక్కల్ని పాత పంచె మీద పోస్తోంది. రాఘవేంద్ర నీళ్ళ తొట్టి పక్కన ఆగిపోయాడు. చందు తల వంచుకుని చెబుతున్నది అతనికి స్పష్టంగా వినిపించింది. ఆ అమ్మాయి ఒప్పుకున్నా వాళ్ళన్న ఒప్పుకుంటాడో లేదో, తన తరఫున మాట్లాడే పెద్ద దిక్కు ఎవరూ లేరే అన్నది అతని బాధ. రాఘవేంద్ర అన్నని అడగాలంటే నోరు రావడం లేదట.

వినీల తలెత్తి భర్తని చూసింది. ఉలిక్కిపడలేదు.

"ఇదుగో, వచ్చారు. నీ నోటితోనే అడుగు," అంది చందుతో.

విషయం అప్పుడు బయటపడింది. కంచె బయట షెడ్డులో కాయలు ఏరే వాళ్ళలో జెరూషా అనే అమ్మాయి ఉంది. మచ్చ కాయనీ మంచి కాయనీ వేరు చేసి, ట్రేలలో గడ్డి పరిచి సర్దడం ఆమె పని. గేటు దగ్గర నిలబడి నిలబడి చందుకి ఆమెతో మాటలు కలిశాయి. ఆమె అన్న మార్టిన్ ఆ షెడ్డు లోడు తోలే లారీ డ్రైవరు. మనిషి మంచివాడే గానీ, పోలీసోళ్ళ మాట నమ్మడు, కులం మాట కూడా ఎత్తుతాడు. నెల రోజులుగా చందు వినీల దగ్గరికి వచ్చి చెప్పుకుంటున్నదంతా ఇదే.

"మా నాన్న లేరు కదన్నా. మీరు పక్కనుండి ఒక్క మాటంటే చాలు, ఆయన కాదనడు," అన్నాడు చందు. కత్తి పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని మరీ అన్నాడు.

రాఘవేంద్ర తొట్టిలో నీళ్ళు ముంచుకుని చేతులు కడుక్కున్నాడు. గన్ ఆయిలు మరకలు ఒక పట్టాన పోలేదు. ఇన్నాళ్ళూ గుండెల మీద మోసింది ఉత్త అనుమానమని తేలిపోయింది. భార్యకీ ఇతనికీ మధ్య ఏమీ లేదు. ఇప్పుడు బరువు దిగాలి. దిగుతుందని అతను నిజంగానే ఎదురుచూశాడు. చేతులు కడుక్కుంటూ చూశాడు, అన్నం తింటూ చూశాడు. దిగలేదు సరికదా, జెరూషా అనే పేరు దాని మీద ఇంకో బరువైంది. ఎవరా పిల్ల? దాని మొహం ఎలా ఉంటుంది? అది ఏం మాట్లాడితే వీడు నవ్వుతాడు?

చూద్దాం లే అని మాత్రం అన్నాడు చందుతో. ఆ మాత్రానికే చందు మొహం వెలిగిపోయింది.

సోమవారం కాపలాలన్నిటికీ పెద్ద, అంటే గార్డు కమాండరు, రాఘవేంద్రే. భోజనాల వేళ దాటాక గేట్లన్నీ చూసుకుంటూ పడమటి గేటు దగ్గరికి వచ్చాడు. రసాలు మాగుతున్న వాసన షెడ్డు మీది నుంచి వేడిగా కొడుతోంది. కూలీలు చెట్ల నీడన కునుకు తీస్తున్నారు. అతన్ని చూడగానే చందు గబగబా ఎదురొచ్చాడు. మార్టిన్ లారీతో వచ్చి ఉన్నాడట, లోడెత్తగానే వెళ్ళిపోతాడట, మళ్ళీ ఎప్పుడొస్తాడో తెలియదట. జెరూషా ఇప్పుడే రమ్మని సైగ చేసిందట. ఒక్కసారి వెళ్ళి కనిపించి వస్తే చాలన్నాడు.

డ్యూటీలో ఉన్న సెంట్రీ గేటు దాటకూడదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

"వెళ్ళిరా. నేనుంటాను," అన్నాడు రాఘవేంద్ర.

చందు తన రైఫిలు అతని చేతికి ఇచ్చాడు. తుపాకీ మీద అతని అరచేతి తడి ఇంకా ఉంది. టోపీ సవరించుకుంటూ షెడ్డు వైపు పరిగెత్తాడు. డ్రిల్లులో ఎప్పుడూ తొందరపడని మనిషి అలా పరిగెత్తడం రాఘవేంద్ర చూడటం అదే మొదలు.

గేటు చువ్వల మధ్య నుంచి షెడ్డు బాగానే కనిపిస్తోంది. మార్టిన్ లారీ తలుపుకి ఆనుకుని వింటున్నాడు, చందు చేతులు కట్టుకుని మాట్లాడుతున్నాడు. వెనక నుంచి ఒక అమ్మాయి వచ్చింది. చామనఛాయ, నడుముకి చుట్టిన తువ్వాలు, జుట్టులో గడ్డిపరక. చందు కాలరు మీద ఏదో పాకుతుంటే చిటికెన వేలితో దులిపింది. అంతే. అతను తలైనా తిప్పలేదు. మెడ మాత్రం కొంచెం వంచాడు, ఆ వేలికి అందేలా. వేలు తగలక ముందే వంచాడు.

రాఘవేంద్ర రైఫిలుని సెంట్రీ గది గోడకి ఆనించాడు. భోజనాలయ్యాక అసిస్టెంట్ కమాండెంట్ గారి జీపు తోట వైపు వస్తుందని అతనికి తెలుసు. అది రోజూ వచ్చేదే. తెలిసే, వెనక్కి తిరిగి, తోట మధ్య దారిన ఆయుధాల గది వైపు నడిచి వెళ్ళిపోయాడు. ఎండిన ఆకులు బూట్ల కింద కరకరలాడుతుంటే ఆ చప్పుడు తప్ప ఇంకేమీ వినకుండా నడిచాడు.

సాయంత్రానికి చందు, రాఘవేంద్ర ఇద్దరూ అసిస్టెంట్ కమాండెంట్ గారి గదిలో పక్కపక్కన నిలబడ్డారు. మూల బల్ల దగ్గర ఆఫీసు కాగితాలు రాసే రైటరు కూర్చుని ఉన్నాడు. జీపు దిగి ఆయన చూసింది ఇదీ: గేటు ఖాళీ, తుపాకీ దిక్కూ మొక్కూ లేకుండా గోడకి, సెంట్రీ మామిడి షెడ్డులో. ఎవడైనా ఆ రైఫిలు ఎత్తుకుపోయుంటే ఏమయ్యేదని ఆయన అరవకుండానే అడిగాడు. గార్డు కమాండరు గారికి చెప్పి, రైఫిలు ఆయనకి అప్పజెప్పే వెళ్ళానని చందు చెప్పాడు. ఆయన రాఘవేంద్ర వైపు తిరిగాడు.

"నీకు చెప్పాడా?"

"లేదు సార్. నాకు చెప్పలేదు."

చందు తల తిప్పి చూశాడు. ఆ చూపులో కోపం ఉంటే రాఘవేంద్ర తట్టుకునేవాడు. అందులో ఉన్నది అయోమయం. కాసేపటికి అదీ పోయి, ఏదో అర్థం చేసుకున్నట్టు, జాలి లాంటిది వచ్చింది. అన్న భయపడ్డాడు, చేతి మీది హెడ్డు పట్టీలు పోతాయని భయపడ్డాడు అనుకున్నాడు కాబోలు.

"హెడ్డు గారు అలా అంటే అంతే అయ్యుంటుంది సార్. తప్పు నాదే," అన్నాడు.

బెల్టూ, టోపీ అక్కడే బల్ల మీద పెట్టించి అతన్ని సస్పెండ్ చేశారు. బారకు ఖాళీ చెయ్యమన్నారు. విచారణ పూర్తయితే ఉద్యోగం ఉండదని రైటరు వరండాలో చెప్పాడు.

ఆ సంగతి వినీలకి రాఘవేంద్ర చెప్పలేదు. మర్నాడు పొద్దున్నే సంచి పట్టుకుని చింతలపూడి బస్సుకి పోతూ చందే వచ్చి చెప్పి వెళ్ళాడు. అన్నని ఏమీ అనొద్దని కూడా చెప్పాడట. షెడ్డు దగ్గర సరేనన్న మార్టిన్ అప్పుడే మాట వెనక్కి తీసుకున్నాడట. రాఘవేంద్ర డ్రిల్లు ముగించుకుని వచ్చేసరికి ఆమె పోటీ కోసం కుట్టిన చందు చొక్కా భుజాల కుట్లు బ్లేడుతో ఒక్కొక్కటే విప్పుతోంది. ఇక ఆ చొక్కా వేసుకునేవాడు లేడు కాబట్టి.

"మీరే పంపారంట కదా," అంది తలెత్తకుండా.

రాఘవేంద్ర బెత్తాన్ని గోడకి ఆనించాడు.

"నామీద అనుమానంతో చేశారా?"

ఆ ప్రశ్నలో ఒక దారి ఉంది. అవునంటే సరిపోతుంది. అతను అవునన్నట్టే తల వంచుకున్నాడు. వినీల బ్లేడు కింద పెట్టింది.

"కాదు. అనుమానం ఉన్న మగాడు పెళ్ళాన్ని చూస్తాడండీ. ఆ రోజు నేను టేపు పట్టుకుని మిమ్మల్నే చూస్తున్నాను. మీ చూపు నామీద ఆగనే లేదు." దారపు ముక్కల్ని ఒడిలోంచి ఏరి గుప్పిట్లో పెట్టుకుంది. "నాకూ కుళ్ళు పుట్టింది. వాడు నా దగ్గరికి వచ్చిందేమో ఇంకో పిల్ల కబుర్లు చెప్పుకోడానికి. మీరు వాణ్ణి చూసిన చూపు నా మొహాన ఒక్కసారైనా పడిందా అని ఏడ్చాను. ఎవరికైనా చెప్పానా? చెప్పను కూడా. వాడి నోటికాడ కూడు మాత్రం తియ్యకండి."

అతనికి చెంప మీద కొట్టించుకున్నట్టయింది. ఏమిటా పిచ్చి మాటలని కేకలెయ్యాలనిపించింది. బూట్లతోనే వంటింట్లోకి వెళ్ళి, కొత్త ఆవకాయ జాడీకి వాసెన కట్టిన గుడ్డ మీద చెయ్యి పెట్టి ఊరికే నిలబడ్డాడు. ఆ గుడ్డ కట్టింది చందు.

మరునాడు ఇస్త్రీ యూనిఫాం వేసుకుని, ఎవరూ పిలవకుండానే అసిస్టెంట్ కమాండెంట్ గారి గదికి వెళ్ళాడు. దారి పొడుగునా చెప్పాల్సిన మాటలు కూడబలుక్కున్నాడు. మొదటి మాట అనుకున్నంత కష్టం కాలేదు. చందుని తనే పంపానని, రైఫిలు తన చేతికే ఇచ్చాడని, మొన్న చెప్పింది అబద్ధమని గబగబా చెప్పేశాడు. ఆయన కలం ఆపి, కళ్ళజోడు తీసి చూశాడు.

"మరి అబద్ధం ఎందుకు చెప్పావు?"

ఈ ప్రశ్న వస్తుందని అతనికి తెలుసు. దీనికే జవాబు కూడబలుక్కోలేదు. పై నుంచి ఫ్యాను గాలి బల్ల మీది కాగితాల అంచుల్ని లేపుతోంది. మూల బల్ల దగ్గర రైటరు రాయడం మానేశాడు. ఆయన మళ్ళీ అడిగాడు. రాఘవేంద్ర ఎదురుగోడని చూస్తూ, అటెన్షన్‌లో నిలబడి, నోటికి వచ్చింది చెప్పాడు.

"వాడు మా ఇంటికి వస్తూ పోతూ ఉంటాడు సార్. నేను లేనప్పుడు. మా ఆవిడ..."

అంతకన్నా చెప్పక్కర్లేకపోయింది. ఆయన మొహం మెత్తబడింది. కళ్ళజోడు పెట్టుకున్నాడు. ముందే చెప్పొచ్చు కదయ్యా అన్నాడు. మగాడికి రక్తం మరగడంలో తప్పు లేదు గానీ, ఇంటి గొడవ గేటు దాకా తేకూడదన్నాడు. చందు సస్పెన్షన్ ఎత్తేస్తానని, రాఘవేంద్రకి ఛార్జి మెమో ఇచ్చి బెటాలియన్లోనే వేరే కంపెనీకి పంపించి సరిపెడతానని చెప్పాడు. పంపించేటప్పుడు లేచి వచ్చి భుజం తట్టాడు. రాఘవేంద్ర సెల్యూట్ చేసి బయటికొచ్చాడు. నిజం చెప్పడానికి వెళ్ళి, నిజం చెప్పినంత సులువుగా ఇంకో అబద్ధం చెప్పి వచ్చానని వరండా మెట్లు దిగుతుండగా తెలిసింది. వెనక్కి తిరిగి చూస్తే, రైటరు అప్పటికే పక్క గదిలో తల పెట్టి ఎవరితోనో మాట్లాడుతున్నాడు.

సాయంత్రానికి క్వార్టర్లన్నిటికీ పాకింది. భారతి వచ్చి, కుట్టడానికి ఇచ్చిన జాకెట్టు గుడ్డ తొందరేం లేదు లెమ్మని కుట్టకుండానే పట్టుకుపోయింది. కొలతలిచ్చిన కానిస్టేబుళ్ళలో ఒక్కరూ తిరిగి రాలేదు. కొళాయి దగ్గరికి వినీల వెళితే మాటలు ఆగిపోయేవి, ఆమె బిందె ఎత్తుకోగానే మళ్ళీ మొదలయ్యేవి. రాఘవేంద్రకి మాత్రం మర్యాద పెరిగింది. తోటి హెడ్లు పిలిచి మరీ టీ ఇప్పించారు. ఆడాళ్ళని ఓ కంట కనిపెట్టాలని ఒకాయన గొంతు తగ్గించి చెప్పాడు. రాఘవేంద్ర ఆ టీ తాగాడు.

చందు తిరిగొచ్చేనాటికి రాఘవేంద్ర బదిలీ కాగితం ఇంకా రాలేదు. ఆ రోజు గ్రౌండులో, డ్రిల్లు మొదలు కాకముందే, చందు నేరుగా అతని ముందుకి వచ్చి నిలబడ్డాడు. సెల్యూట్ చెయ్యలేదు. అన్నా అని కూడా పిలవలేదు.

"నా ఉద్యోగం పోయినా ఊరుకునేవాణ్ణండీ. ఆవిడ నాకు అన్నం పెట్టింది. మీ ఇంటి ముందు నుంచి నడవలేకుండా చేశారు నన్ను." రైఫిలు ఇంకో చేతికి మార్చుకున్నాడు. "మార్టిన్ కూడా అడిగాడు, నిజమేనా అని. కాదని బైబిల్ మీద చెయ్యేసి చెప్పొచ్చాను."

చెప్పి వెళ్ళి వరసలో కుడి కొసన నిలబడ్డాడు. ఆ రోజు అతని మోచెయ్యి నిజంగానే వంకరగా ఉంది. రాఘవేంద్ర అతని ముందు నుంచే నడిచి వెళ్ళాడు, చెయ్యి గానీ బెత్తం గానీ ఎత్తకుండా.

ఆ మధ్యాహ్నం ఇంటికి వచ్చేసరికి వినీల రెండు సంచులు సర్ది గుమ్మం పక్కన పెట్టి ఉంచింది. బాపులపాడులో ఉన్న అక్క దగ్గరికి పోతున్నానంది. ఎప్పుడొస్తావని అతను అడగలేదు, ఆమె చెప్పలేదు. తలుపు దగ్గరగా వేసి, అతని ఎదురుగా కూర్చుంది.

"నిజం చెప్పలేకపోయారు. అది నాకు అర్థమవుద్ది. నాకే అర్థం కాకపోతే ఇంకెవరికండీ? కానీ అబద్ధం చెప్పడానికి మీకు నేనే దొరికానా?"

రాఘవేంద్ర రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని నేల చూపులు చూశాడు.

"పోనీ నాకైనా చెప్పండి. తలుపేసే ఉంది. ఒక్కసారి మీ నోటితో."

బయట ఎవరో స్కూటరు స్టార్ట్ చెయ్యబోయి, అది పలక్క, తన్ని తన్ని, చివరికి తోసుకుంటూ పోయారు. ఆ చప్పుడు అణిగాక అతను నోరు తెరిచాడు.

"నేను కుళ్ళుకుంది నీ గురించి కాదు," అన్నాడు. "వాడి గురించి. వాడు నవ్వితే నా వైపే చూసి నవ్వాలని."

అంతవరకూ ఏ మనిషి ముందూ, ఒంటరిగా ఉన్నప్పుడు కూడా, నోటితో అనని మాట అది. అన్నాక గోడలు కూలిపోలేదు. వినీల కళ్ళు తుడుచుకుంది. లేచి, అతని తల మీద ఒక్క క్షణం చెయ్యి ఉంచి తీసేసింది. ఇన్నేళ్ళ కాపురంలో వాళ్ళిద్దరూ అంత దగ్గరగా ఎప్పుడూ లేరు. కానీ సంచులు మాత్రం ఆమె లోపల పెట్టలేదు.

హనుమాన్ జంక్షన్ బస్సు అందుకోవడానికి ఆటో వచ్చింది. అది కొళాయికి నీళ్ళు వదిలే వేళ. భారతితో సహా నలుగురైదుగురు ఆడవాళ్ళు బిందెలు పెట్టుకుని నిలబడి ఉన్నారు. వాళ్ళ ముందు నుంచే వినీల తల వంచకుండా నడిచి వెళ్ళి ఆటో ఎక్కింది. వెనక సంచులు మోసుకొచ్చిన రాఘవేంద్ర వాటిని లోపల పెట్టి, ఉన్నట్టుండి కొళాయి వైపు తిరిగాడు. పరేడ్ గ్రౌండులో పలికే గొంతుతోనే, అందరికీ వినపడేలా అన్నాడు.

"ఈవిడ తప్పేం లేదండీ. చందు తప్పూ లేదు. ఆఫీసులో నేను చెప్పింది అబద్ధం."

ఆడవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. భారతి అతని వంక జాలిగా చూసింది. పాపం, ఎంత మంచివాడో, ఇంత జరిగినా పెళ్ళాన్ని వెనకేసుకొస్తున్నాడని పక్కావిడతో గొణిగింది. ఆ గొణుగుడు ఆటో దాకా వినిపించింది.

వినీల సీటు అంచుకి జరిగి, అతనికి మాత్రమే వినపడేలా అంది.

"సగం చెబితే ఎవరూ నమ్మరండీ."

ఆటో మెయిన్ గేటు దాటి రోడ్డెక్కింది. సెంట్రీ ఆమె వెళ్ళేదాకా వేరే వైపు చూసి, తర్వాత గేటు వేశాడు. కొళాయి దగ్గర నీళ్ళు మొదటి బిందె నిండి పొర్లిపోతున్నా ఎవరూ దాన్ని జరపలేదు. మిగతా సగం ఏదైనా ఉందేమోనన్నట్టు అందరూ రాఘవేంద్ర వైపే చూస్తున్నారు. గ్రౌండు నుంచి ఇంకో హెడ్డు నడిపించుకొస్తున్న జట్టు కూడా ఆ పక్కగానే వస్తోంది. ముందు వరసలో కుడి కొసన చందు ఉన్నాడు. రాఘవేంద్ర నోరు తెరిచాడు. జట్టు అడుగుల చప్పుడు దగ్గరికి వచ్చింది, పక్కనుంచి సాగింది, బారకుల వైపు దూరమైంది. చందు తల తిప్పలేదు.

నీళ్ళు పోతున్నాయమ్మా అన్నాడు రాఘవేంద్ర చివరికి. ఆ మాటొక్కటీ అని క్వార్టరులోకి వెళ్ళి తలుపేసుకున్నాడు.